ఆరో బండి

"ఇంకోసారి కొలవండి మాస్టారూ," అన్నాడు డాయిల్ ప్రూయిట్. గెలిచిన కప్పు అప్పటికే అతని చంకలో ఉంది.

ఆర్విల్ స్టెంపుల్ మూడోసారి కొలిచాడు. విప్పిన ఇంజను సిలిండర్లోకి కొలత పుల్ల దించి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని చూశాడు.

"నలభై అయిదు ఘనపుటంగుళాలు దాటకూడదు. నీది యాభై ఒకటి. సిలిండరు తొలిచి పెద్దది చేశావు."

"వేడికి ఇనుము ఉబ్బుతుంది కదా మాస్టారూ."

"ఇంత ఉబ్బదు. ఎనిమిదో తరగతిలోనూ నీ లెక్కలు ఇలాగే ఉబ్బేవి. కప్పు బల్ల మీద పెట్టు."

మంగలి డాయిల్ కప్పు పెట్టేసి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

కంచె మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న గస్ హార్ట్‌జెల్ పకపకా నవ్వాడు. ఇండియానాలోని ఆ పావుమైలు మట్టి రేసు ట్రాక్ అతనిదే. "నీ పొట్టి మిడ్జెట్లకు నూకలు చెల్లాయి ఆర్విల్. వచ్చే ఏడు పాత కార్లు దించుతా. గుద్దుకుంటాయి, బోర్లాపడతాయి. జనానికి కావలసింది అదే."

పొట్టి మిడ్జెట్ల తరగతి పుట్టి రెండు వేసవులైంది. మామూలు మిడ్జెట్లు, అంటే ఒంటిమనిషి పట్టే చిన్న రేసు కార్లు, డబ్బున్నవాళ్ల ఆట. చిన్న ఇంజను, అందరికీ ఒకే కొలత పెడితే మంగలీ రైతూ కూడా సమానంగా పరుగెత్తవచ్చని ఆర్విల్ నిబంధనలు రాశాడు. ఆయనకు పెళ్లి కాలేదు, స్నేహితులు తక్కువ. సమానం అన్న గుర్తు గీసినప్పుడల్లా మనసు కుదుటపడే మనిషి. ఇంజను విప్పడం పెద్ద పని కాబట్టి, సీజను చివరి పందెం తర్వాత ఒక్కసారే విప్పించేవాడు. మిగతా రోజుల్లో ఒకరి బానెట్ ఇంకొకరు ఎత్తడం అక్కడ మర్యాద కాదు.

"ఇంకా అయిదుగురున్నారు," అన్నాడు ఆర్విల్.

"సరే, పందెం. ఆ అయిదింట్లో ఒక్కటి, ఒకే ఒక్క నిఖార్సైన ఇంజను చూపించు. వచ్చే ఏడూ నీ తరగతి ఉంటుంది. లేదంటే ఈ సాయంత్రమే నీ తరగతి బోర్డు పీకేస్తా."

రెండో స్థానం చర్చి పెద్ద మెర్విన్ కెస్లర్‌ది. కొలత పుల్ల చూడగానే టోపీ తీశాడు.

"ప్రభువుకు తెలుసు మాస్టారూ."

"ఆయనకు తెలుసు. నాకే ఎవరూ చెప్పలేదు."

మూడో స్థానం పళ్ల డాక్టరు ఫెరిస్‌ది. "సిలిండర్లో చిన్న పుచ్చు కనబడింది," అన్నాడు. "అలవాటు కొద్దీ తొలిచేశా."

తర్వాతివాళ్లు డంకెల్ అన్నదమ్ములు.

"వీడు తొలిచాడని నేను తొలిచా," అన్నాడు అన్న.

"వీడు తొలుస్తాడని నేను ముందే తొలిచా," అన్నాడు తమ్ముడు.

ఆర్విల్ పుల్లను రుమాలుతో తుడిచాడు. తనకు కోపం రావడం లేదని గమనించి ఆశ్చర్యపోయాడు. వచ్చింది ఒంటరితనం. తనకు చెప్పకుండా వీళ్లంతా కలిసి ఒక రహస్యంలో కాపురం ఉన్నారు. తను మాత్రం గుమ్మం బయట కొలత పుల్ల పట్టుకుని నిలబడ్డాడు.

మిగిలింది క్లెమ్ ఫించ్.

క్లెమ్ మొక్కజొన్న రైతు. నోట్లోంచి మాట రావడమే గగనం. మొన్న మంగళవారం ఆర్విల్ అతని కొట్టం దాకా వెళ్లి బతిమాలాడు. మొదలు గీత మీద ఆరు బండ్లు లేకపోతే పందెమే రద్దు చేస్తానని గస్ అంతకు ముందే బెదిరించాడు మరి.

"బండి బాగాలేదు మాస్టారూ," అన్నాడు క్లెమ్ ఆ రోజు.

"గెలవక్కర్లేదయ్యా. గీత దాటితే చాలు."

క్లెమ్ మాట నిలబెట్టుకున్నాడు. ఈ బండ్లు వాటంతటవి స్టార్టు కావు. వెనక నుంచి ట్రక్కు నెట్టాలి. అతని భార్య లియోటా తమ ట్రక్కుతో ఎంత దూరం నెట్టిందో! ఆరో బండి జెండా కింద గీత దాటింది, మొదటి మలుపులోనే గడ్డిలోకి జారి ఆగిపోయింది. జనం ఈలలు వేశారు. అయినా లెక్కప్రకారం ఆరో స్థానం అతనిదే. ఇప్పుడు మిగిలినవాడు అతనొక్కడే కాబట్టి మొదటి స్థానమూ అతనిదే.

"క్లెమ్, కప్పు నీది," అన్నాడు ఆర్విల్. "బానెట్ ఎత్తు."

క్లెమ్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. "కప్పు వద్దు మాస్టారూ. ఆరో స్థానమే ఉండనివ్వండి."

"ఆయన రమ్మన్నారు, మనం వచ్చాం. ఇంక పద క్లెమ్, ఆవుల వేళైంది," అంది లియోటా.

"వీడు అందరికన్నా పెద్ద దొంగలా ఉన్నాడే!" గస్ కంచె దిగి వచ్చాడు.

ఆర్విల్ క్లెమ్ ముఖంలోకి చూశాడు. ముప్పై ఏళ్లుగా పిల్లల ముఖాలు చదివిన కళ్లవి. తప్పు చేసినవాడు సాకు వెతుక్కుంటాడు. మిగతా అయిదుగురూ వెతుక్కున్నారు. ఇతను వెతుక్కోవడం లేదు. పదిమంది తన వైపు చూస్తున్నందుకు సిగ్గుపడుతున్నాడు, అంతే.

"గస్, అందరినీ పిలువు. డాయిల్, నువ్వూ రా. నిజాయితీ ఎలా ఉంటుందో చూద్దురుగాని."

"మాస్టారూ, వద్దు," అన్నాడు క్లెమ్.

"భయపడకు నాయనా. నీ గురించి నాకు కొలత పుల్ల కూడా అక్కర్లేదు."

పుల్లను గస్ చేతికిచ్చేసి, తోలు పట్టీలు రెండూ తనే విప్పాడు. పదిమందీ మెడలు చాచారు. లియోటా ముఖం పక్కకు తిప్పుకుంది. ఆర్విల్ రెండు చేతులతో బానెట్ ఎత్తాడు.

లోపల ఇంజను ఉండాల్సిన చోట ఉన్నవి రెండు బంగాళాదుంపల బస్తాలు.