తండ్రి చదువు

"టోకెన్ నలభై రెండు," అని మైకులో పిలిచారు. బీయస్సీగారి చేతిలో ఉన్నది నలభై ఏడు.

యూనివర్సిటీ అడ్మిషన్ల హాల్లో ఫ్యాన్లు బాగానే తిరుగుతున్నాయి. అయినా ఆయన జేబురుమాలు తడిసి ముద్దయింది. పక్క కుర్చీలో కూతురు ప్లాస్టిక్ ఫోల్డరును రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

"మంచినీళ్లు తాగుతావా నాన్నా?"

"వద్దమ్మా. అన్నీ తెచ్చావు కదా?"

అడగడమే గానీ, ఏమేం తేవాలో రాసిన చీటీ ఆయన జేబులోనే ఉంది. మార్కుల లిస్టు, ఫోటోలు ఆరు, పెన్ను, నీళ్ల సీసా. పొద్దున్నే భార్య రాసిచ్చింది. ఆమెది ఎడమచేతి వాటం. ఏం రాసినా అక్షరాలన్నీ ఎడమవైపుకు వాలిపోతాయి.

ఫోటో స్టూడియోలో పని ఆయనది. వీధిలో అందరూ బీయస్సీగారనే పిలుస్తారు. పిల్లల పరీక్షలు అయిపోతే చాలు, వీధి వీధంతా ఆయన గుమ్మంలోనే ఉంటుంది. ఏ కోర్సు మంచిది, హాస్టల్ దొరుకుతుందా, ఒక ఏడాది ఖాళీగా ఉంటే తప్పు పడతారా, చేరాక సబ్జెక్టు మార్చుకోవచ్చా? అడిగినదానికల్లా ఆయన తడుముకోకుండా చెబుతాడు. తెలియనివి బ్రోచర్లు తెప్పించుకుని బట్టీ పడతాడు. ఇంత చేసీ, సొంత కూతురి అప్లికేషన్ ఫారం మాత్రం ఆయన చేతికి రాలేదు. "నీకు స్టూడియోలో తీరిక లేదు కదా నాన్నా, మేం చూసుకుంటాంలే" అని నెల కిందటే పంపేసింది. ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ పైకి అనలేదు.

మూడంటే మూడు మార్కుల్లో అమ్మాయికి సీటు పోయింది. వారం రోజులు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. నిన్న మళ్లీ రమ్మని కబురొస్తే, వెయిటింగ్ లిస్టు కాబోలనుకుని వెంట వచ్చాడు.

ఎంక్వయిరీ కిటికీ దగ్గర ఎవరో పెద్దాయన గొడవ పడుతున్నాడు. లోపలున్న ఆవిడ ఓపిగ్గానే చెబుతోంది.

"వెయిటింగ్ లిస్టు అయిపోయిందండీ. అయిదు మార్కుల్లోపు ఆగిపోయినవాళ్లందర్నీ పిలిచాం. ఇప్పుడు మిగిలినవి మొదటి తరం సీట్లే. అమ్మానాన్నల్లో ఎవరూ డిగ్రీ చదివి ఉండకూడదు."

"మావాడు ఫారంలో ఏదో తప్పు రాశాడమ్మా."

"అయితే కౌంటర్ దగ్గర మీ నోటితో చెప్పి, దిద్ది సంతకం పెట్టండి. ఇవాళే ఆఖరు. తర్వాత అబద్ధమని తేలితే చదువు మధ్యలో ఉన్నా సీటు తీసేస్తారు."

ఆ మాటలన్నీ బీయస్సీగారి చెవిన పడ్డాయి.

ఆయన చదివింది పదో తరగతి. అదీ అత్తెసరు మార్కులతో. ఈ సంగతి ఆయన నోరు దాటి ఏనాడూ బయటికి రాలేదు. ఇరవై రెండేళ్ల కిందట, పెళ్లికి ముందు, స్టూడియోలో డిగ్రీ ఫోటోలు దిగే కస్టమర్ల కోసం ఉంచిన నల్ల గౌను వేసుకుని ఫోటో దిగాడు. భుజం దగ్గర చిరుగుంటే పిన్నీసు పెట్టాడు. ఆ ఫోటోనే పెళ్లికూతురి ఇంటికి పంపాడు. ఇప్పటికీ అది ముందుగదిలో గోడకే ఉంది. భార్య వారం వారం దాన్ని తుడుస్తుంది. పెళ్లయిన ఏడాది నుంచీ స్టూడియో గౌన్లు ఉతికేదీ, చిరుగులు కుట్టేదీ ఆవిడే. పాపం, ఒక్కనాడూ సర్టిఫికెట్ చూపించమని అడగలేదు. అడిగి ఉంటే ఎప్పుడో కక్కేసేవాడేమో. అడగని కొద్దీ ఆయనకు భయం పెరిగింది.

"టోకెన్ నలభై అయిదు."

ఫారంలో బీయస్సీ అనే రాసి ఉంటారు. నిజం చెప్పి దిద్దిస్తే కూతురికి సీటొస్తుంది. సాయంత్రం ఇంటికెళ్లి భార్య మొహం ఎలా చూడాలి? నోరు మూసుకుంటే గోడ మీద ఫోటో అలాగే ఉంటుంది, పిల్ల చదువు ఇక్కడితో ఆగిపోతుంది.

"నాన్నా, అలా ఉన్నావేంటి?"

"పొద్దున ఏమీ తినలేదు కదమ్మా."

"తిన్నావు."

ఆయన జేబులోంచి చీటీ తీసి, మళ్లీ మడిచి పెట్టుకున్నాడు.

"అమ్మ చెప్పమంది," అంది కూతురు తల వంచుకుని. "వాళ్లేం అడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పాలట. కంగారు పడొద్దట."

"మీ అమ్మకేం, ఎన్నయినా చెబుతుంది. అమ్మా, నేనొక మాట..."

ఈలోగా నలభై ఏడు పిలిచారు.

కౌంటర్లో గుమస్తా ఫోల్డరు అందుకుని కాగితాలు తిరగేశాడు.

"తండ్రిగారేనా? ఇంట్లో ఎవరైనా డిగ్రీ చదివారా?"

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. తెలిసిన మొహం ఒక్కటీ లేదు. కూతురి వైపు చూసే ధైర్యం చాల్లేదు.

"లేదండీ. మా ఆవిడ హైస్కూలుతో ఆపేసింది. నేను... నేను బీయస్సీ కాదండీ. పదో తరగతి. ఇరవై రెండేళ్లుగా ఇంట్లో అబద్ధం చెప్పుకుంటూ వచ్చాను. ఫారంలో తప్పు పడి ఉంటే పిల్లది కాదు, నాది. ఎక్కడ దిద్దాలో చూపించండి."

గుమస్తా కళ్లజోడు మీదుగా చూశాడు.

"దిద్దడానికేముందండీ? ఇక్కడున్నదీ అదే కదా. సంతకం పెట్టండి, సీటు మీ అమ్మాయిదే."

ఫారం ఇటు తిప్పి ముందుకు జరిపాడు. తండ్రి చదువు అన్న గడిలో పదో తరగతి అని రాసి ఉంది. కింద తేదీ నెల కిందటిది. ఆయన తల తిప్పి కూతురి వైపు చూశాడు.

"ఆ పేజీ నేను రాయలేదు నాన్నా," అంది ఆ పిల్ల మెల్లగా.

ఆయన మళ్లీ ఫారం వైపు చూశాడు.

అక్షరాలన్నీ ఎడమవైపుకు వాలి ఉన్నాయి.