ఒకటికి వెళ్ళారా?

...అడిగింది ఒక్క ముక్కే కాని, అందులో ప్రశ్న కన్నా ఆరోపణ ఎక్కువుంది, అనుకున్నాడు గొడుగుల సేల్స్‌మన్. చెయ్యని పని గురించి పదే పదే అడిగితే, కాసేపటికి అదే పెద్ద నేరంలా మెడకు చుట్టుకుంటుంది.

"మిమ్మల్నే. ఒకటికి వెళ్ళారా?" అంది నర్సు, సెలైన్ సీసాని వేలితో తడుతూ.

"ఇంకా లేదండీ."

"వచ్చినప్పటి నుంచీ ఇదే మాట!"

అతను తల దించుకున్నాడు. మాడే ఎండలో చంకనిండా గొడుగులు పెట్టుకుని, విప్పితే సరుకు పాతబడుతుందని ఒక్కటీ విప్పకుండా తిరిగి తిరిగి, నడివీధిలో సొమ్మసిల్లి పడ్డాడు. ఎవరో తెచ్చి ఎమర్జెన్సీ వార్డులో పడుకోబెట్టారు. ఒంట్లో నీరంతా ఇంకిపోయిందన్నారు. రెండు సీసాలు ఎక్కించి, మూడోది తగిలించారు.

డాక్టరమ్మ వచ్చి, మంచానికి వేలాడుతున్న అట్ట చూసి పెదవి విరిచింది. "ఇన్‌పుట్ బాగానే ఉంది. అవుట్‌పుట్టే సున్నా."

మా మేనేజరూ అచ్చం ఇదే అంటాడు, అనుకున్నాడు అతను. తన గుట్టు ఎక్కడికెళ్ళినా ఇట్టే పట్టేస్తున్నారు.

"కాసేపు చూద్దాం సిస్టర్. అప్పటికీ ఒకటికి వెళ్ళకపోతే గొట్టం వేసేద్దాం" అని ఆవిడ వెళ్ళిపోయింది.

ఆ గొట్టం ఎక్కడ వేస్తారో పక్క మంచం మేస్త్రీ చెవిలో చెప్పాడు. సేల్స్‌మన్ దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. చెప్పిన మాట విననందుకు ఇంత శిక్షా!

నర్సుకి జాలేసింది. "అసలేంటి మీ ఇబ్బంది? నాతో చెప్పండి."

"ఖాళీ లేదండీ. ఎవరో పెద్దాయన ఉన్నారు."

"ఎంతసేపుంటాడు? ఆయన లేచాక వెళ్ళండి."

"లేచేలా లేరండీ. గురక పెడుతున్నారు."

"అక్కడ కూడానా!" నర్సు నుదురు కొట్టుకుంది. "ఈ మగాళ్ళకి కూర్చుంటే చాలు, నిద్ర! గట్టిగా కేకెయ్యండి, లేస్తాడు."

అంతలో ఎవరో "సిస్టర్, రెండుకి బీపీ చూడాలి! మూడుకి సీసా అయిపోయింది!" అని అరిస్తే పరిగెత్తింది.

స్టూలు మీద కూర్చున్న భార్య అతని దగ్గరకు జరిగింది. "ఇందులో మొహమాటం ఏంటండీ? లేచి వెళ్ళకూడదూ?"

"పక్కన ఇంకో మనిషి ఉంటే నావల్ల కాదే. పెళ్ళైన కొత్తలో మీ అన్నయ్యతోనే కుదరలేదు నాకు."

"మా అన్నయ్యతోనా? ఎప్పుడు?"

"మీ ఇంటికొచ్చినప్పుడల్లా. రాత్రంతా నరకం."

ఆవిడ అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఎండ బాగానే కొట్టినట్టుంది. లేచి, మూలనున్న కుళాయి సన్నగా తిప్పి వచ్చింది. "కళ్ళు మూసుకుని ఆ చప్పుడే వినండి. స్స్‌స్స్... మా చెల్లెలి కొడుక్కి ఇలాగే చేసేవాళ్ళం."

కంగారులో మనిషి బుద్ధి ఎటెటో పోతుంది పాపం, అనుకున్నాడు భార్యను చూస్తూ. చప్పుడు మాత్రం బాగానే పనిచేసింది. ఉన్నచోట ఉండలేకపోయాడు. "అలా నడిచొస్తాను" అని స్టాండు తోసుకుంటూ వెనక వరండా చివరికి వెళ్ళి, తేలిగ్గా తిరిగొచ్చాడు. ఇది నాలుగో నడక.

"ఏమైనా ఫలితం ఉందా?" ఆత్రంగా అడిగింది భార్య.

"నడకకి ఫలితమేంటే! కాళ్ళు సాగాయి." కొన్ని మాటలు అతనికి ఆడవాళ్ళ ముందు నోట రావు.

"మీ కాళ్ళ సంగతి ఎవరడిగారండీ!"

తెర జరిగింది. నర్సు చేతులకు తొడుగులతో, ట్రేతో వచ్చింది. ట్రేలో గొట్టం చుట్ట చుట్టుకుని ఉంది. దాన్ని చూడగానే అతని మొహమాటం ఆవిరైపోయింది.

"ఆగండి! వెళ్తున్నా! ఇప్పుడే వెళ్తున్నా!"

ఒక చేత్తో స్టాండు, ఇంకో చేత్తో లుంగీ పట్టుకుని తెర చాటుకు మాయమయ్యాడు. "శభాష్! కంగారు పడకు, నిదానంగా కానీ!" అన్నాడు మేస్త్రీ. భార్య కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. డాక్టరమ్మ వచ్చి, సంగతి విని, తనూ ఊపిరి బిగబట్టింది. అందరూ వెనక వరండా చివరనున్న బాత్రూం వైపే చెవులు పెట్టారు.

గొంతు మాత్రం ముందు గుమ్మం వైపు నుంచి వినిపించింది.

"బాబాయ్‌గారూ, కాస్త జరగండి. మీకు పుణ్యముంటుంది."

నర్సు తెర మొత్తం లాగేసింది. గుమ్మం పక్కన, ‘1’ అని రాసున్న మంచం మీద, గుర్రుపెడుతున్న లావుపాటి లారీ డ్రైవర్ పక్కన మిగిలిన జానెడు చోటులో, సేల్స్‌మన్ ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు.

"డాక్టర్‌గారూ, ఒకటికి వచ్చేశాను. ఇక గొట్టం అక్కర్లేదుగా?"



నర్సు మెల్లగా ట్రే కింద పెట్టింది. బళ్ళో పిల్లలు పంతులుగారికి చూపించినట్టు చిటికెన వేలు పైకెత్తింది. "ఒకటంటే... ఇదండీ!"

అతను ఆ వేలిని చూశాడు. పక్కనున్న లారీ డ్రైవర్ని చూశాడు. ఇంకా సన్నగా కారుతున్న కుళాయిని చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

తర్వాత, సూది లేని చెయ్యి పైకెత్తి, ఎంతో వినయంగా నాలుగు వేళ్ళు చూపించాడు.