స్ట్రోలర్ వెంట అడవిపంది

"పో! పో అవతలికి!"

యోగిత కాలి చెప్పు తీసి విసిరింది. తగిలింది కూడా. అయినా అడవిపంది కదల్లేదు. స్ట్రోలర్‌లోకి మూతి చాపి, రెండేళ్ల ప్రణవ్ పాదాలు వాసన చూస్తోంది. దాని వెనక చారల వీపులతో అయిదు పిల్లలు. ప్రణవ్‌కి అదంతా ఆటలా ఉంది, చప్పట్లు కొడుతున్నాడు.

అటుగా వస్తున్న దొరబాబు గొడుగు ముందుకు చాచి ఫట్‌మని తెరిచాడు. పంది ఉలిక్కిపడి, పిల్లల్ని తోలుకుని చెట్లలోకి దూరిపోయింది.

దొరబాబు వాళ్లది ముత్తాతల నాడే కోనసీమ నుంచి సింగపూర్ వచ్చి స్థిరపడ్డ కుటుంబం. పాసిర్ రిస్‌లో యోగిత ఉండే బ్లాకులోనే, రెండో అంతస్తులో ఉంటాడు.

"బయపడకమ్మాయ్. అదేం చెయ్యదు. మాకాన్ కోసం వస్తాది, అంతే లా."

"నా కొడుకేనా దానికి తిండి? మీ చేతిలో పరోటా పొట్లం ఉంది కదా అంకుల్, దాని వంకైనా చూసిందా? తిన్నగా పిల్లాడి మీదకే వచ్చింది. మొన్నా ఇంతే. బ్లాకులో ఇంతమంది పిల్లలుంటే నా వాడే దొరికాడా?"

దొరబాబు పొట్లం వంక చూసుకున్నాడు.

"మేమొచ్చిన కొత్తలో రెండంటే రెండు పందులుండేవి," అంది యోగిత. "ఇప్పుడు పదకొండు. ఇలాగే ఊరుకుంటే రేపు అవి ఫ్లాట్లలో ఉంటాయి, మనం చెట్లెక్కాలి. అన్నిట్నీ పట్టించేస్తాను, చూస్తూ ఉండండి."

అన్నంత పనీ చేసింది. ఆమెకు ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా చంకలో పిల్లాడు, చేతిలో ఫిర్యాదు కాగితం, ఒక్క తలుపూ వదలకుండా తట్టింది. మాటలు రానిచోట పిల్లాడి పాదాలు చూపించి, పందిలా మూతి చాచి చూపించింది. నాలుగు రోజుల్లో నూట నలభై సంతకాలు. దొరబాబు ఒక్కడే పెట్టలేదు.

"మీరెందుకు పెడతారు! పావురాలకి బ్రెడ్డు ముక్కలు వేసే చెయ్యి. పందులకి మాత్రం వెయ్యదా?"

"ఆయ్, అది మానేసి రెండేళ్లయింది! మా మనవరాలు తిడితే మానేశా."

ఆ మనవరాలు ధనశ్రీయే మరుసటి వారం తాతని వెంటబెట్టుకుని, ఆ ఫిర్యాదు కాగితంతో వచ్చింది. యూనివర్సిటీలో అడవిపందుల మీద పరిశోధన చేస్తోంది. ఫిర్యాదు వస్తే వాటి లెక్క తేల్చేది వాళ్ల బృందమే.

"బోన్లు పెట్టొచ్చు అక్కా. బట్ ఇక్కడ ఎవరో ఫీడ్ చేస్తున్నారు. అది ఆగకపోతే యూస్‌లెస్ లా. ఈ పదకొండు పోతే ఇంకో పదకొండు వస్తాయి. తిండి ఉన్నంత వరకు నంబర్ తగ్గదు."

"అయితే ముందు ఆ పెట్టేవాళ్లనే పట్టుకో. పసిబిడ్డ తల్లిని, నా ఉసురు ఊరికే పోదు."

"ఓకే. చెట్ల దగ్గర కెమెరా పెడతాను. ఎక్కడో ఎవరికీ చెప్పను. నీక్కూడా."

"పెట్టు. ఎన్నాళ్లైనా ఉంచు," అని యోగిత దొరబాబు వైపు ఓరగా చూసింది. ఆయన గొడుగు మడత సవరించుకున్నాడు.

పది రోజుల తర్వాత ధనశ్రీ బ్లాకు కింద రాతిబల్ల దగ్గరికి ఇద్దర్నీ పిలిచింది.

"తేలిందా? పెద్దాయనేనా?" అంది యోగిత, పిల్లాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటూ.

"ఇదిగో అమ్మాయ్, నాకు బీపీ తెప్పించకు!"

ధనశ్రీ నవ్వలేదు. ఫోను యోగిత ముందు పెట్టింది.

తెర మీద సందె వెలుగు. మూడు కాలిబాటలు కలిసేచోట ఒక స్ట్రోలర్ ఆగింది. పసుపు చున్నీ ఆమె డబ్బా తెరిచింది. లోపలిది గుప్పిట్లోకి తీసుకుని, పిల్లాడి తల చుట్టూ ఇటు మూడుసార్లు, అటు మూడుసార్లు తిప్పింది. చెట్టు మొదట్లో పడేసి చకచకా నడిచింది. ఆమె పది అడుగులు వేసిందో లేదో, పొదల్లోంచి తల్లిపంది వచ్చింది. దాని వెనకే పిల్లలు.

యోగిత తన చున్నీ వంక చూసుకుంది. అదే పసుపు.

"డైలీ ఇదే టైం అక్కా. ఫస్ట్ మూడు రోజులు ఒక్క అన్నం ముద్ద. నాలుగో రోజు పంది మళ్లీ వెంటపడిందని నాకు ఫోన్ చేశావు కదా, ఆ ఈవెనింగ్ నుంచి మూడు ముద్దలు, ఒక ఎగ్ ఎక్స్‌ట్రా."

దొరబాబుకి అర్థమైంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఫుడ్‌ని ప్రణవ్ తల చుట్టూ తిప్పి మరీ వేస్తుంటే పంది ఏమనుకుంటుంది? అన్నం వీడి దగ్గర్నుంచే వస్తుందనుకుంటుంది లా. అందుకే వీణ్నే వెతుక్కుంటూ వస్తోంది."

యోగిత పిల్లాణ్ని గుండెలకి అదుముకుంది. "అది... నేను తిండి పెట్టడం కాదు."

"మరేంటి? చూడు, నీ వెనకే తింటున్నాయి. పది రోజుల్లో ఒక్కసారి, జస్ట్ ఒక్కసారి తిరిగి చూసినా నీకే తెలిసిపోయేది. ఎందుకు చూడలేదక్కా?"

యోగిత పిల్లాడి తల నిమిరింది.

"దిష్టి తీశాక వెనక్కి తిరిగి చూడకూడదు."