మిట్ట తగిలిన మోటారు

నీళ్ల అడుగున ఏదో మిట్ట మోటారుకి రాసుకుంది. అంతే, దాని గొంతు మారిపోయింది.

పెద్దబ్బాయి చెవికి ఆ తేడా వెంటనే తెలిసింది. ఇంజను రొద పెరిగింది. పడవ మాత్రం కదలనా వద్దా అన్నట్టు పోతోంది. పైగా వెనకంతా వణుకు.

"మిట్ట ఉంది, మోటారు ఎత్తండని చెప్పానా బాబాయ్!" అంది దుర్గ.

"నువ్వు చెప్పేలోపే తగిలిందమ్మా."

పెద్దబ్బాయిది నాగాయలంక. ఇరవై ఏళ్లుగా ఏట్లోనూ, అది సముద్రంలో కలిసే మొగలోనూ చేపల వేట. ఈ నీళ్లు మాత్రం కొత్త. పడవ తీసుకుని ఇటొచ్చి మూడు రోజులే అయింది.

పడవలో ఉన్నది దుర్గా, వాళ్ల నాన్న వెంకటప్పయ్యా. ఆయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్. సోమవారంది తప్పిపోయింది. ముఖం ఉబ్బింది, ఆయాసం మొదలైంది. అవతల ఒడ్డున అంబులెన్సు కాచుకుని ఉంది.

"చుక్కలు లెక్కపెట్టుకుని తాగమన్నాడయ్యా డాక్టరు," అన్నాడు వెంకటప్పయ్య రొప్పుతూనే. "చూడు, చుట్టూ ఎన్ని నీళ్లో!"

పెద్దబ్బాయి నవ్వుతూ ఇంజను ఆపి, మోటారు పైకి వంచాడు. పంకాకి ప్లాస్టిక్ సంచి చుట్టుకుని ఉంది. కత్తితో కోసి లాగేశాడు. ఒక రెక్క అంచు వంగింది. వణుకు దానివల్లే.

"పర్లేదు, నిదానంగా పోదాం."

మళ్లీ స్టార్ట్ చేశాడు. పడవ ఊపందుకుంది. నిమిషం తిరక్కుండా మళ్లీ నీరసించింది. మోటారు పక్కనున్న సన్నటి గొట్టంలోంచి ధారగా రావలసిన నీళ్లు రావడం లేదు. మూత మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. కాలిపోతోంది. ఇంజను కట్టేశాడు.

"ఏమైంది?" అంది దుర్గ.

"చల్లబడటానికి ఇది నీళ్లు పీల్చుకోవాలమ్మా. మిట్ట దగ్గర బురద పీల్చింది. ఇట్టాగే తోలితే ఇంజను పట్టేసుద్ది. సన్నటి తీగ ఏమన్నా ఉందా?"

దుర్గ చున్నీకున్న పిన్నీసు ఊడదీసి ఇచ్చింది. పెద్దబ్బాయి నీళ్లు పీల్చే జల్లెడలో ఒక్కో రంధ్రం పొడిచాడు. గొట్టం కూడా పొడిచాడు. వేడి తగ్గేదాకా ఆగాల్సి వచ్చింది. వెంకటప్పయ్య కళ్లు మూతలు పడుతున్నాయి. దుర్గ ఆయన చెంపలు తడుతూనే ఉంది.

ఈసారి గొట్టంలోంచి ముందు బురద చిమ్మింది. తర్వాత తెల్లటి ధార. ఇంజను గొంతు తేటపడింది.

"ఇక నువ్వు చెప్పమ్మా, నేను వింటా."

"ఎడమకి రండి. ఇది పెద్ద గుంట, భయం లేదు. కుడి పక్కకి మాత్రం వద్దు, కాలవ ఉంది. ముందు రెండు మిట్టలు, పక్కపక్కనే... ఇప్పుడు ఎత్తండి!"

పెద్దబ్బాయి ఎత్తాడు. పడవ వాటి మీదుగా జారిపోయింది. ఒక్కటీ తగల్లేదు.

ఒడ్డున అంబులెన్సు వాళ్లు వెంకటప్పయ్యను ఎత్తుకుని లోపల పడుకోబెట్టారు. "తిరిగొచ్చేటప్పుడూ నీ పడవేనయ్యోయ్!" అని ఆయన లోపల్నుంచే చెయ్యి ఊపాడు.

దుర్గ కూడా ఎక్కబోతుంటే పెద్దబ్బాయి ఉండబట్టలేక అడిగాడు. "ఏట్లో పుట్టి పెరిగినోణ్ణి, నాకే అడుగు అంతుబట్టలేదు. నీకు ఇంత కచ్చితంగా ఎట్టా తెలుసమ్మా?"

"మీకు తగిలింది మా స్కూలు ముందర స్పీడ్‌బ్రేకర్ బాబాయ్, వరద రాకముందు నాన్నని ఎక్కించుకుని వారానికి మూడుసార్లు ఈ రోడ్డు మీదే ఆటో తోలేదాన్ని."