గీత ఆగే చోటు

"పాత కంప్యూటర్ చచ్చిపోతేనేం బావగారూ! నా ల్యాప్‌టాప్ అచ్చం దానిలా నటిస్తుంది. మీ డిజైన్ల సాఫ్ట్‌వేర్ ఇందులో నడుస్తోంది," అంది మరదలు.

ఎంబ్రాయిడరీ షాపంతా ఆమెను ఆకాశానికెత్తుతుంటే బావగారికి కడుపు మండిపోయింది. ఇరవై ఏళ్లుగా ఆ సాఫ్ట్‌వేర్‌ను ఆయన ఎవరినీ ముట్టనివ్వలేదు మరి.

మూతి ముడుచుకునే కూర్చుని ఓ పువ్వు గీశాడు. తెర మీద గీత నత్తలా పాకింది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"కొత్తదాంట్లోనూ ఇంత నెమ్మదా?"

"మొదట పరుగెత్తిందండీ. నేనే వేగం తగ్గించా."

"దేనికి?"

"ఇన్నేళ్లూ మీ వెనక నిలబడి చూశాగా. పాతదాంట్లో గీత వచ్చేదాకా మీ చెయ్యి ఆగుతుంది. పువ్వుకి ఆ వంపొచ్చేది అక్కడే."

తాను ఆగుతానని ఆయనకే తెలియదు.

కాసేపటికి మౌస్‌ ఆమె వైపు జరిపాడు. "ఏదీ, నువ్వు గీయి."