మొదటి మన్ను

"ఈ క్రిస్మస్‌కి మా ఇంటికి రా జోయెల్. మెర్సీ."

మాదాపూర్ ఆఫీసు లిఫ్టులో ఆ మెసేజ్ చూస్తూ జోయెల్ తన ఫ్లోరు దాటి పైకి వెళ్లిపోయాడు.

మెర్సీ! గుంటూరు చర్చి క్వయర్‌లో పక్కపక్కనే నిలబడి పాడేవాళ్లు. అమ్మ ఒప్పుకోలేదని తనే తప్పుకున్నాడు. ఆ తర్వాత చేసుకున్న పెళ్లి కోర్టులో తెగిపోయింది. డిసెంబరు వస్తే చాలు, విడిపోయిన ప్రేమికులు క్రిస్మస్ చెట్టు కింద కలుసుకునే సినిమాలు టీవీలో చూస్తూ సోఫాలోనే నిద్రపోవడం అలవాటైంది.

"మరి మీ ఆయన?" అని అడిగాడు.

"ఆయన అడ్డు రాడు" అని జవాబొచ్చింది.

జోయెల్ కొత్త చొక్కా కొనుక్కున్నాడు.

పండుగ రోజు కేకు పట్టుకుని మియాపూర్‌లో మెట్రో దిగగానే పాత స్వెట్టరు వేసుకున్న మనిషొకడు ఎదురొచ్చాడు.

"జోయెల్ సారేనా? మెర్సీ ఇంటికి తీస్కపోనీకి వచ్చిన. గా కేకు ఇటియ్యుండ్రి, ముంగట పెడ్త."

స్కూటర్ కదిలింది.

"వాళ్లింట్లో పనిచేస్తావా?"

"ఔ సార్. వంట, బట్టలు, అన్ని నేనే."

"దాని మొగుడు ఎలాంటోడు?"

అతను ఒక గుంట తప్పించి స్కూటర్ నెమ్మది చేశాడు.

"గంత చెప్పుకునేటోడేం కాదు సార్."

"అనుకున్నా! నేను చేసుకునుంటే మహారాణిలా చూసుకునేవాణ్ణి."

"ఔ సార్. జర గట్టిగ పట్టుకోండ్రి, రోడ్డు మంచిగ లేదు."

ఇంటి ముందు కాగితపు నక్షత్రం వేలాడుతోంది. లోపలి గది గుమ్మంలోనే జోయెల్ కాళ్లు ఆగిపోయాయి.

మంచం మీద జుట్టంతా రాలిపోయిన తల, ఎముకలకంటుకున్న చర్మం. కళ్లు మాత్రం మెర్సీవే.

"క్యాన్సర్ సార్. దవాఖానల ఇగ ఇంటికి తీస్కపొమ్మన్నరు."

అతను ఆమె తల కొంచెం ఎత్తి, చెంచాతో నీళ్లు పట్టి, మూతి తుడిచాడు. తలుపు దగ్గరగా వేసి బయటికి వెళ్లిపోయాడు.

"నువ్వా?" అంది మెర్సీ. "నీకెవరు చెప్పారు?"

"నువ్వే కదా మెసేజ్ పెట్టావు?"

"నేనా? నాకు చేతులు లేవడం లేదు జోయెల్."

జోయెల్ ఫోను తీసి ఆ మెసేజ్ మళ్లీ చూసుకున్నాడు.

"మందుల మత్తులో నీ పేరు కలవరిస్తున్నానట" అంది కళ్లు మూసుకుని. "సిగ్గేసింది వింటే."

"నన్ను క్షమించు మెర్సీ."

"ఇప్పుడెందుకులే. ఏదైనా పాడు."

జోయెల్ క్వయర్‌లో పాడిన పాటే ఎత్తుకున్నాడు. మొదట్లో ఆమె పెదవులు కదిలాయి. పాట పూర్తికాకముందే నిద్రలోకి జారుకుంది. మళ్లీ లేవలేదు.

మర్నాడు సమాధుల తోటలో పెట్టెను గోతిలోకి దించారు. ఈ లోకంలో మెర్సీని తనంతగా ప్రేమించినవాడు లేడనుకుంటూ జోయెల్ వెక్కి వెక్కి ఏడ్చాడు. పిడికెడు మన్ను తీసుకుని గోతి దగ్గరికి నడిచాడు.

పాస్టరుగారు చెయ్యి అడ్డుపెట్టారు.

"ఆగండి బాబూ. ముందు భర్త వెయ్యాలి. ఏసురత్నం, రా నాయనా."

ఆడవాళ్లకు మంచినీళ్లు అందిస్తున్న ఆ స్కూటర్ మనిషి, గ్లాసు కింద పెట్టి, తడి చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు.