గీత పడని కథ

మా ఆయన ఏసోబు కథకుడు. ఎవరి కథైనా పెన్సిల్ పట్టుకునే చదువుతాడు. తప్పుల కింద గీతలు గీయనిదే పేజీ తిప్పడు.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూనే ఒక పత్రిక నా ముందు పెట్టాడు.

"జెనీఫర్, జర గీ కథ చదువు. పంజాగుట్టల మెట్రో దిగేటోన్ని, గిది చదువుకుంట అమీర్‌పేట దాకా పోయిన. పెన్సిల్ యాదికే రాలె."

"రాసిందెవరు?"

"ఎవరో సులోచన. కొత్త పేరు."

ఈనెలు తీస్తున్న చిక్కుడుకాయలు పక్కన పెట్టి, బీరువాలోంచి నా పాత నోటుబుక్కు తెచ్చి ఇచ్చాను. అందులో అదే కథ, నా చేతిరాతలో. చివర, ఏళ్ల కిందటి ఆయన పెన్సిల్ రాత: "ఇది కథ కాదు. వదిలెయ్."

"నా పేరు మార్చి పంపిన. కథల ఒక్క మాట సుత మార్చలె," అన్నాను. నాకు కోపం రాలేదు, సంతోషమూ రాలేదు.

 ఏసోబు పత్రిక మళ్ళీ తెరిచి, జేబులోంచి పెన్సిల్ తీశాడు.